నీళ్ల కాడ జెండా

ముట్టవేందయ్యా? పొద్దు నెత్తి మీదికొచ్చె. విస్తరి పెట్టి ఎంతసేపాయె, తుమ్మకొమ్మ మీద కూసున్నోనివి కూసున్నట్టే ఉన్నవ్. మెడ గిటోసారి గటోసారి తిప్పుడు తప్ప కిందికి దిగుతలేవు.

సంవత్సరికం నాడు గూడ అలుగుతరా ఎవలన్న?

అగో, రోడ్డు మీది వేపచెట్టు కింద అందరు ఎట్ల కూసున్నరో చూడు. నీ కొడుకు రంజిత్, నీ కోడలు, మీ అక్క. పిట్ట ముట్టందే మేము బుక్క నోట్ల పెట్టొద్దాయె. మీ అక్కకు షుగరు, తెలుసు గదా నీకు. ధర్మపురి కాడ పొద్దున్నే బస్సెక్కింది, ఇంత చాయ్ తాగి వచ్చింది పాపం. ఆమె కండ్లు తిరిగి పడ్డదనుకో, మల్ల నన్నే అంటరు.

బతికున్నన్ని దినాలు నువ్వు తిననిదే నేను తినలే. షిఫ్టు దిగి ఎప్పుడొస్తవో అని గిన్నె మీద మూత పెట్టుకొని కూసుందును. గిప్పుడు పిట్టవై గూడ ఆగవెడుతున్నవ్.

ఏం తక్కువైందో చెప్పరాదు. యాటకూర పెట్టిన. కార్జం నీకు పానమని వేరే వండిన. గారెలు చేసిన. బీడీకట్ట పెట్టిన. అగ్గిపెట్టె మరిచిపోతే మీ అక్క యాది చేసింది, అది గూడ తెప్పిచ్చిన. కోటరు సీస మూత తీసి పెట్టిన, నువ్వు పిట్టవై మూత తిప్పలేవు గదా అని. ముంతల నీళ్లు పోసిన. ఇంకేం గావాలె?

రంజిత్ చేతులు జోడిచ్చి, బాపూ నేను తాగుడు బంద్ వెడుత అన్నడు. నువ్వు కదలలే. మీ అక్క, తమ్మీ నీ ఇంటోళ్లను మేమంత మంచిగ చూసుకుంటం, నిమ్మలంగ ఉండు అన్నది. కదలలే. కోడలు ఏం మొక్కిందో ఏమో, పెదవులు కదిలినయ్ గంతే. ఏదో కోరిక మిగిలింది, అందుకే ముడుతలేడు అనుకుంట ఒకలెనుక ఒకలు మొక్కి మొక్కి అలిసిపోయిండ్రు. ఆఖరికి నేనే చెప్పిన. మీరు జర దూరం పోండ్రి, నేనొక్కదాన్నే అడుగుత అని.

వాళ్లకు తెల్వది. నాకు తెలుసు నువ్వెందుకు దిగుతలేవో.

తెలిసి గూడ కార్జం ముచ్చట, కోటరు ముచ్చట తీస్తున్న చూసినవా.

పొద్దున నీ దోస్తు జబ్బార్ వచ్చిండు, నువ్వు చూసే ఉంటవ్. గీ బొందలగడ్డ గోడ అవతల్నే నిలవడి, రెండు చేతులు పట్టి నీ కోసం దువా చేసిండు. నా దిక్కు చూడలే. రంజిత్ పిలిస్తే, దుకాణంల పనుంది బేటా అని పోయిండు. సైకిలు దుకాణంల ఏం పనుంటదయ్యా గీ కాలంల? నా మొఖం చూడొద్దని పోయిండు. నీ సావునాడు కొడుకు పక్కన నిలవడి పాడె మోసినోడు. పద అని నువ్వొక్క మాటంటే, నీ ఎంబడి మురికి మోరీలల్ల దిగినోడు.

సరే. దాసిపెడితే నువ్వు దిగేటట్టు లేవు. మొదటికెళ్లి చెప్త, విను. నడుమ నడుమ లేసి పోకు.

నన్ను గీ పార్టీలకు దింపింది నువ్వే. అది ముందు ఒప్పుకో.

ఆరు దినాలు బొగ్గుబాయి, ఐతారం వస్తే పార్టీ. నీ తీరు గట్లుండె. పార్టీ అంటే ఏముండె అప్పుడు? ఎమ్మెల్యే లేడు, కౌన్సిలర్ లేడు. బాయి పనోళ్లు, కూలోళ్లు, కొందరు ఆటోలోళ్లు కూడి పెట్టుకున్న బస్తీ పార్టీ. జబ్బార్ దుకాణం ముంగట బల్లే మీ ఆఫీసు. ఐతారం పొద్దున పార, తట్ట పట్టుకొని పోతుంటిరి. మోరీలు తీసుడు, బడి గోడకు సున్నమేసుడు, పొద్దుమూకి పిల్లలకు చదువు చెప్పుడు, ఎండకాలమొస్తే చౌరస్తల మట్టి రంజన్లు పెట్టి నీళ్లు పోసుడు.

ఊరోళ్ల మోరీలన్ని నువ్వు తీస్తవ్, మనింటెనుక మోరీ నేను తీయాల్నా అని ఎంత కొట్లాడిన నీతోని. నువ్వు నవ్వుకుంట చెప్పులేసుకొని పోతుంటివి. గా నవ్వుకు నాకు ఇంక మండేది.

నువ్వు పోయినంక నీ పార దర్వాజ ఎనుక గట్లనే ఉండె. ఇంట్ల ఎందుకు, జబ్బార్‌కు ఇద్దామని బయట పెట్టిన. ఇయ్యబుద్ధి కాలే. ఆ ఐతారం నేనే పట్టుకపోయిన. ఆడోళ్లు ముక్కు మీద ఏలేసుకున్నరు. నేను మోరీల దిగి బురద ఎత్తుతుంటే నువ్వు పక్కన్నే వంగి ఎత్తుతున్నట్టు అనిపిచ్చింది. నువ్వు పోయినంక ఏడుపు రాని దినం అదే.

అగో అట్ల మరిగిన. పొద్దుమూకి పిల్లల చదువు కాడ చాపలు పరిచిన. రక్తదానం నాడు అరటిపండ్లు పంచిన. బడి గోడకు సున్నమేసి పెయ్యంత తెల్లగైతే, ఇంటికొచ్చి నేనే నవ్వుకున్న. జమునక్కా ఇటు రా, జమునక్కా అది ఎక్కడున్నది అని అందరు పిలుసుడు. పెండ్లయినకాడికెళ్లి నేను హనుమండ్లు పెండ్లామే, రంజిత్ అవ్వనే. నాకొక పేరున్నదని నేనే మరిచిపోయిన. పిలుస్తుంటే పానం ఎంత మంచిగనిపిచ్చిందో నీకు చెప్తే తెల్వది. నిన్ను అందరు పేరు పెట్టే పిలిచిండ్రాయె.

ఆడిదాక తప్పు లేదు గదా? ఆడిదాక నువ్వు గూడ సంబురపడే ఉంటవ్.

తరువాత సాయిచంద్ వచ్చిండు. నువ్వు చూడలే గా పిల్లగాన్ని. మంచిర్యాలకెళ్లి వస్తడు, గిప్పుడు మన పట్టణం పార్టీ ఆయన చేతులనే. చెడ్డోడు కాదు. చదువుకున్నడు, నోరు తీపి. ఏ పని చేసినా ఫోన్ల ఫోటో తీసి అందరికి పంపుతడు. కనవడకపోతే చేసినా చేయనట్టే అక్కా అంటడు. మున్సిపాలిటీ ఎలక్షన్లు వస్తున్నయ్, ఈ వార్డుల నువ్వే నిలవడాలె, హనుమండ్లన్న చేసిన పని ఉత్తగ పోవద్దు అన్నడు.

నాతోని ఏమైతది బిడ్డా అన్న. ఇంటికొచ్చి అద్దంల మొఖం చూసుకున్న.

ఎండకాలం వచ్చింది. నీ పేరు మీద చలివేంద్రం పెడుదామన్నరు. నేను వద్దంటనా? నువ్వు ఏడ పెట్టినవో గాడనే, చౌరస్తల. తాటికమ్మల పందిరేసినం, ఇసుక పోసినం, రంజన్లు కూసోవెట్టి తడి గోనెసంచులు చుట్టినం. నీళ్లు జబ్బారే తన ఇంటి బోరుకెళ్లి ట్రాలీ ఆటోల తెచ్చిండు, ఎప్పటి లెక్కనే. నువ్వుంటే ఎట్లనో గట్ల చేసినం అన్ని.

ఒక్కటి తప్ప.

పందిరికి అడ్డంగ ఫ్లెక్సీ కట్టిండు సాయిచంద్. ఓ దిక్కు నీ ఫోటో, ఓ దిక్కు నేను చేతులు జోడిచ్చిన ఫోటో, నడుమ ఇంత పెద్ద జెండా. నీ ఫోటో కన్న నా ఫోటో పెద్దగొచ్చింది. కొట్టిచ్చినకాడ తప్పైందేమో అనుకున్న. తప్పైందని ఎవలకు చెప్పలే.

జబ్బార్ డబ్బాలు దించుకుంట దాన్ని చూసి, మెల్లగ నా దగ్గరికొచ్చిండు. "భాబీ, నీళ్ల కాడ జెండా భయ్యా ఎన్నడు పెట్టనియ్యలే" అన్నడు.

నాకు యాది లేదా? ఉన్నది. ఆ ఎలక్షన్ల యేడు నేను నీకు బువ్వ పట్టుకొని చౌరస్తకొచ్చిన. అవతలి పార్టీ ఊరేగింపు పోతుంది. నాలికలు పిడుసగట్టుకపోయినయ్ వాళ్లకు. నీళ్ల దిక్కు రెండడుగులేసి, మన జెండా చూసి ఆగిండ్రు. నువ్వు లేసి జెండా పీకి, మడత పెట్టి, కూసున్న పీట కింద పెట్టినవ్. రాండ్రి తాగుండ్రి అన్నవ్. మనోళ్లు నీ మీద కోపానికొచ్చిండ్రు. దూపకు వచ్చినోన్ని నీదే పార్టీ అని అడుగుతమా అన్నవ్ నువ్వు. ఆనాటికెళ్లి మన నీళ్ల కాడ జెండా లేదు, పేరు లేదు, ఫోటో లేదు.

అన్ని యాది ఉండి గూడ జబ్బార్‌తోని ఏమన్ననో తెలుసా? ఆయన ఫోటో పెడితే ఆయనకు ఇజ్జతే గదా జబ్బారన్నా అన్న. నీ ఫోటో అడ్డం పెట్టుకున్న. జబ్బార్ మల్లపోయి డబ్బాలు దించుకున్నడు. నీళ్లు తెచ్చుడు మాత్రం బంద్ చేయలే.

తాగేటోళ్లు ఒకలెనుక ఒకలు తగ్గిండ్రు. ఎందుకు తగ్గరు? ఆ ఫ్లెక్సీ కింద నిలవడి గిలాస ఎత్తితే మా పార్టీల కలిసినట్టే. మా సాయిచంద్ ఫోటో తీసి పంపుతనే ఉంటడు. ఆ ఫోటోలు అవతలి పార్టీ కౌన్సిలర్ మనుషుల ఫోన్లల్లకు గూడ పోతయి. మున్సిపాలిటీల రోజు కూలీకి చేసేటోళ్లు, పింఛన్ కోసం వాళ్లింటి సుట్టు తిరిగేటోళ్లు మొఖం అటు పెట్టుకొని పోవుడు మొదలువెట్టిండ్రు. ఎండల చెమటలు కారుతుంటే, రంజన్ల ముంగటికెళ్లే.

నేను ఏం చేసిన? మంచిదే, ఎవలు మనోళ్లో ఎవలు కాదో తెలుస్తున్నది అన్న. గిలాస ముంచుతుంటే నాకు నీళ్లు కనవడుడు బందైంది. తాగేటోని మొఖం చూసి, వీనింట్ల ఎన్ని ఓట్లుంటయో అనుకునేదాన్ని.

ఏందట్ల చూస్తవ్? చెప్తున్న గదా.

ఐలవ్వ సచ్చిపోయింది. నీకు తెలిసే ఉంటది, నీ తానికే వచ్చింది గదా. ఆమె దినాలు మొన్ననే అయినయ్. తోటకూర, పుంటికూర గంప నెత్తిన పెట్టుకొని బస్తీలన్ని తిరిగే ఐలవ్వ. రోహిణి ఎండ తట్టుకోలేక, మూసేసిన బాయి గేటు కాడ పడిపోయింది. గంపల కూరంత రోడ్డు మీద పడ్డది. ఎవలో ఆటోల ఏసుకొని దవఖానకు తీసుకపోయిండ్రు. పొద్దుమూకకముందే పానం పోయింది. వడదెబ్బ అన్నరు.

చౌరస్తకెళ్లే పోయింది ఆమె. మన నీళ్లు దాటుకొనే పోయింది. ఫ్లెక్సీ ఉన్నదని తాగలే. ఆమె కొడుకు ఓంప్రకాశ్ మున్సిపాలిటీ ట్రాక్టరు నడుపుతడు, పక్కా నౌకరి గాదు. కౌన్సిలరే పెట్టిచ్చిండు. మా పందిరి కింద తాగితే కొడుకు కడుపు మీద దెబ్బ పడుతదని భయం ఆమెకు. జెండా లేకుంటే తాగేది. జెండా పెట్టుడు నా తప్పే. ఒప్పుకుంటున్న. నీ మాట జవదాటిన. ఫ్లెక్సీ ఇప్పేస్త. ఇయ్యాలనే ఇప్పేస్త. సరేనా? రా మరి. దిగు. అక్క తినాలె.

రావా?

కండ్లు గూడ ఆర్పుతలేవు గదయ్యా.

ఆమె పేరు మీద పిట్టకు పెట్టిననాడు ఏమైందో తెలుసా? నేను గూడ పోయిన. విస్తరి కింద పెట్టుడే ఆలస్యం, పిట్ట వచ్చి ముట్టింది. ఎవలు ఏం మొక్కనే లేదు. ఐలవ్వకు ఎవల మీద కోపం లేదు, ఎంత మంచి సావు అన్నరు అందరు. ఆమె కోపం చేస్తే, ముట్టకుండ సతాయిస్తే, నేను జర నిమ్మలంగ ఉందును.

ఇంతసేపు నీకు సగమే చెప్పిన.

ఐలవ్వ తాగకుండ దాటిపోలే. ఆమె వచ్చింది. పందిరి కిందికి వచ్చింది, గంప దించింది, గిలాస చేతుల పట్టింది.

రంజిత్ నా కడుపుల ఉన్నప్పుడు నాకు తల్లి లేకపాయె. నువ్వు బాయిల ఉన్నవ్. నా పురుడు చూసింది ఐలవ్వనే. బాలెంత నీళ్లు కాగవెట్టి, పీట మీద కూసోవెట్టి, నడుము మీద చెంబులతోని పోసింది. వేడైతే చెప్పు బిడ్డా, వేడైతే చెప్పు అనుకుంట పోసేది. నా పెయ్యి మీద గట్ల నీళ్లు పోసినోళ్లు అంతకుముందు లేరు, తరువాత లేరు. గా చెయ్యి గిలాస పట్టుకొని నా ముంగటికొచ్చింది.

"జమునా, ఇన్ని నీళ్లు పొయ్యి బిడ్డా. గా ఫోటో తీసే పిల్లగాన్ని జర అటు పొమ్మను" అన్నది.

గంతే అన్నది. మెల్లగనే అన్నది. సాయిచంద్ ఫోను పట్టుకొని నిలవడ్డడు. మన పార్టీ ఆడోళ్లు బల్ల మీద కూసున్నరు. నేను ఒక్క మాట చెప్తే ఆ పిల్లగాడు అటు జరుగుతుండె. జరగకున్నా, నేను ముంగట నిలవడితే ఆమె మొఖం ఫోటోల పడకుండ ఉంటుండె.

కానీ ఆ దినాలల్లనే ఓంప్రకాశ్ మన జెండా కట్టెలన్ని పీకి ట్రాక్టర్ల ఏసుకపోయిండు. రోడ్డుకు అడ్డమున్నయని పైకెళ్లి చెప్పిండ్రు, వాడు చేసిండు. వాని నౌకరి అది, నాకు తెల్వక గాదు. అయినా నా కడుపుల మంట ఉండె. అందరు నా దిక్కే చూస్తున్నరు, జమునక్క ఏమంటదో అని. అది గూడ ఉండె. అదే ఎక్కువుండె, నీతోని అబద్ధమెందుకు.

"ఎందుకవ్వా, మా నీళ్లు గావాలె గానీ మా ఫోటో వద్దా? తాగేది మాయి, ఓటేసేది వాళ్లకా?" అన్న.

బల్ల మీది ఆడోళ్లు నవ్విండ్రు. వాళ్లు నవ్వితే నాకు గూడ నవ్వొచ్చింది.

ఐలవ్వ కోపం చేయలే. కోపం చేస్తే అయిపోతుండె. నా మొఖం దిక్కు జరసేపు చూసింది. గిలాస బల్ల మీద బోర్లేసింది, ఎంగిలి చేయని గిలాస. "వద్దులే బిడ్డా, దూప పోయింది" అన్నది. గంప ఎత్తుమని నన్ను అడుగలే. వంగి తనే ఎత్తుకుంటుంటే జబ్బార్ ఉరికొచ్చి ఒక చెయ్యేసిండు. పోయింది.

పిలువలే నేను. పిలువాల్ననిపిచ్చింది. ఆమె చౌరస్త దాటేదాక చూసుకుంట కూసున్న. తెల్లచీర, నెత్తి మీద గంప. ఎండల రోడ్డు తెల్లగ మెరుస్తుంటే ఆమె కనవడుడు బందైంది.

జబ్బార్ ఆటోల ఉన్న నీళ్లు తెచ్చి రంజన్లన్ని నింపిండు. ఖాళీ డబ్బాలు ఏసుకున్నడు. "భాబీ, రేపటికెళ్లి నేను తేను" అన్నడు. గిప్పుడు వాని దుకాణం ముంగట, మీరు కూసునే బల్ల మీద ఒక్కటే రంజను పెట్టుకున్నడు. పేరు లేదు, పందిరి లేదు. అందరు గాడనే తాగుతున్నరు. సాయిచంద్ నీళ్లు కొనిచ్చి మా రంజన్లు నింపుతుండు. మా రంజన్లల్ల నీళ్లు గట్లనే ఉంటున్నయ్.

ఇది గూడ మొత్తం గాదు. ఆగు, లేవకు.

ఐలవ్వ పోయిన తెల్లారి సాయిచంద్ ఉరికొచ్చిండు. అక్కా, వడదెబ్బ సావంటే సర్కారు జవాబు చెప్పాలె, ధర్నా చేద్దాం, ఓంప్రకాశ్ కుటుంబానికి సాయం అడుగుదాం అన్నడు. అడుగుడు తప్పా? తప్పు గాదు. నా చేతుల మైకు పెట్టిండు. నేను మాట్లాడిన.

ఏం మాట్లాడిననో విను.

ఎర్రటి ఎండల మా ఐలవ్వ దూపకు అల్లాడి సచ్చిపోయింది, ఇన్ని నీళ్లు పోసే దిక్కు లేకపాయె ఆమెకు అన్న. నేనే అన్న. మైకుల. కండ్లల్ల నీళ్లొచ్చినయ్, అయ్యి దొంగ ఏడుపు గాదు. ఆడోళ్లంత కొంగులు నోట్ల పెట్టుకొని ఏడ్చిండ్రు. బల్ల మీద కూసొని నవ్వినోళ్లు గూడ ఏడ్చిండ్రు. వాళ్లు నన్ను అడుగలే, నేను వాళ్లను చూడలే. ఒకలకొకలం అనుకోకుండనే అందరం కలిసి దాసినం.

మైకు దిగినంక ఓంప్రకాశ్ వచ్చిండు. అంత పెద్ద మొగోడు, చిన్నపోరని లెక్క ఎక్కెక్కి ఏడ్చిండు. "అక్కా, నౌకరి పెట్టిచ్చినోడు మొఖం చూపియ్యలే. మా అవ్వ కోసం నువ్వొక్కదానివే నిలవడ్డవ్" అన్నడు. వంగి నా కాళ్లు మొక్కిండు.

నేను వాన్ని లేపిన. దగ్గరికి తీసుకున్న. చెప్పొచ్చు గదా అప్పుడు? బిడ్డా నా కాళ్లు మొక్కకు అనొచ్చు గదా? ఊరుకో బిడ్డా అన్న. వీపు తట్టిన.

అప్పటికెళ్లి ముద్ద మింగుడు పడుతలేదు. గిలాస చేతుల పడితే ఐలవ్వ బోర్లేసిన చెయ్యే కనవడుతుంది. నీళ్లు తాగకుండ ఉండలేను, తాగలేను. కోడలు, అత్తమ్మా ఎండకు చిక్కిపోయినవ్ అంటది. ఎలక్షన్ల ఫికర్ అని అనుకుంటుండు రంజిత్.

రేపు చౌరస్తల కొత్త ఫ్లెక్సీ కడుతరట. నీ ఫోటో పక్కకు ఐలవ్వ ఫోటో. నడుమ నేను. కప్పిన గుడ్డ ఓంప్రకాశే తీస్తడు. అందరి ముంగట నా పేరు చెప్తరు, వార్డుకు నిలవడేది జమునక్కనే అని. ఓంప్రకాశ్ ట్రాక్టరు నౌకరి వదిలిపెట్టి నా ఎంబడి తిరుగుత అంటుండు. మా అవ్వ కోసం అక్కా అంటుండు.

ఒక్కసారి వాడు గా గుడ్డ తీసిండంటే, ఇగ నేను చెప్పలేను. నాకు తెలుసు. ఇప్పటిదాక చెప్పనిదాన్ని, గెలిచినంక చెప్తనా? ఐదేండ్లు ఐలవ్వ నా పక్కకు నిలవడి అట్లనే చూస్తది, గిలాస బోర్లేసేముందు చూసినట్టు.

చెప్తే ఏమైతది? టికెటు పోతది. పోనీ. జమునక్క అని పిలుసుడు పోతది. అది పోతదంటే పానం గుంజుతుంది, నిజం చెప్తున్న. బస్తీల ఆడోళ్లు నా మొఖం మీదనే ఉమ్ముతరు. హనుమండ్లు పెండ్లాం గింత పాపమా అని నీ పేరు గూడ తీస్తరు. నువ్వు మోరీలల్ల దిగి తెచ్చుకున్న పేరు. ఓంప్రకాశ్ కొడుతడో, ఏడుస్తడో, మా అవ్వకే పానం మంచిగ లేకుండె అని సర్దుకుంటడో. సర్దుకుంటడనే నాకెక్కువ భయం.

చెప్పే మాట గూడ ఎంతుందని? మీ అవ్వ దూపకు నా కాడికొచ్చింది బిడ్డా, గిలాస పట్టింది, నేను మాటన్న, తాగకుండ పోయింది. గింతే. గీ మాట ఇన్నొద్దులకెళ్లి గొంతుల పెట్టుకొని తిరుగుతున్న.

ఇయ్యాల పోత వాని ఇంటికి. ఇటుకెళ్లి ఇటే పోత. ఇంటికి పోతే మల్ల ఏదో పని దొరుకుతది నాకు. ఫ్లెక్సీ ఇప్పుత అంటే రాలే నువ్వు. టికెటు వదులుకుంట అన్నా రావు, నాకెరుకే. వానికి చెప్త అంటున్న. విన్నవా? ఒట్టు నీ మీద ఏసేది లేదు, నువ్వే లేవాయె. ఐలవ్వ పోసిన నీళ్ల మీద ఒట్టు.

ఆఁ.

దిగినవా.

మెల్లగ, మెల్లగ. నేను జరుగుత. కూసో.

విస్తరి దిక్కు పోతలేవేందయ్యా? కూర అటున్నది. కార్జం అటున్నది. ముంత అంచు మీద కూసున్నవ్. ముక్కు ముంచుతున్నవ్. మెడ పైకెత్తి మింగుతున్నవ్. మల్లొకసారి. ఇంకోసారి. ఎంత దూపున్నదయ్యా నీకు.

లేసిపోయినవ్. గారె ముట్టలే. ముద్ద ముట్టలే.

మీ అక్క రోడ్డు మీదికెళ్లి అరుస్తుంది, ముట్టిందా మరదలా అని. ఏమని చెప్పాలె? నీళ్లు తాగిపోయింది అంటే ముట్టినట్టా, ముట్టనట్టా? మీరు తినుండ్రి అని చెప్త. ముద్ద సంగతి నేను ఓంప్రకాశ్ ఇంటికెళ్లి వచ్చినంక చూసుకుంటవేమో.

నువ్వే వచ్చినవో, ఎండకు దూపై దిగిన ఉత్త పిట్టనో, ఏదైతేంది. నీళ్లకు వచ్చినదాన్ని నువ్వెవలని నేనైతే అడుగలే ఇయ్యాల.

గా దినం గూడ అడుగకుండ ఉంటే, ఐలవ్వ గిప్పుడు గా వేపచెట్టు కింద మీ అక్క పక్కన్నే కూసొని, హనుమండ్లు ఎప్పుడు ముడుతడో, మనమెప్పుడు తింటమో అనుకుంట ఉండేది.